ముందు పరుగు, ఆ వెనకే ఉత్సాహం

పరుగు మానేసినవాళ్లలో మళ్లీ మొదలుపెట్టాలని లేనివాళ్లు అరుదు. చెప్పుల స్టాండు కింది అరలో దుమ్ముపట్టిన షూ జత, ఫోనులో ఎన్నాళ్లుగానో తెరవని పరుగు యాప్, ఎప్పుడో ఒక ఆగస్టు ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్లు పూర్తిచేసినందుకు ఇచ్చిన పతకం... ఇవన్నీ ఉన్న ఇళ్లు మన నగరాల్లో చాలానే ఉంటాయి. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ‘‘చెయ్యాలనే ఉంది, మోటివేషనే రావట్లేదు’’. దాని కోసం రీల్స్ చూస్తారు, కొత్త షూ కొంటారు, జనవరి ఒకటో తారీఖు కోసం కాచుకుంటారు. ఈ వెతుకులాటంతా తలకిందులుగా సాగుతోంది. ఉత్సాహం వచ్చాక పరుగెడదామని కూర్చుంటున్నాం గానీ, పరుగు కొన్నాళ్లు సాగాక పుట్టేదే ఆ ఉత్సాహం. మరి అది పుట్టేదాకా మనిషిని నడిపించేదేమిటి? ముందే ఖాయం చేసుకున్న వేళ, చోటు, వీలైతే ఒక తోడు. వీటన్నిటికంటే ముఖ్యంగా, పక్కవాళ్లు చూస్తే సిగ్గేసేంత నెమ్మదైన వేగం.

2002లో బ్రిటన్‌లో ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు 248 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఒక జట్టుకు వ్యాయామం గురించి ప్రత్యేకంగా ఏమీ బోధించలేదు. రెండో జట్టు చేత, వ్యాయామం చేస్తే గుండెజబ్బు ముప్పు ఎలా తగ్గుతుందో వివరించే కరపత్రం చదివించారు. మూడో జట్టుకు అదే కరపత్రం ఇచ్చి, వచ్చేవారం ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ వ్యాయామం చేస్తారో కూడా రాయించారు. వారం తిరిగాక చూస్తే, కనీసం ఒక్కసారి 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేశామన్నవాళ్లు మొదటి జట్టులో 38 శాతం, రెండో జట్టులో 35 శాతం, మూడో జట్టులో 91 శాతం. కరపత్రం చదివిన రెండో జట్టు మొదటిదానికంటే ఒక్క అడుగు కూడా ఎక్కువ వెయ్యలేదు. వీళ్లంతా కుర్రవాళ్లు, లెక్క వాళ్ల నోటిమాట మీదే ఆధారపడింది, కొలిచిన గడువూ చిన్నదే. కాబట్టి ఆ ఫలితాన్ని తెచ్చి, ఇద్దరు పిల్లలూ ఇంటి అప్పూ ఉన్న నలభై ఏళ్ల ఉద్యోగికి యథాతథంగా అంటగట్టలేం. 91 అన్న అంకెను సందేహించినా ఫరవాలేదు. 38కీ 35కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేకపోయిందే, దాన్ని మాత్రం మరిచిపోకూడదు.

మోటివేషన్ ఒక్కటే చాలదనడానికి మన దగ్గర ఇంకా గట్టి రుజువు మండల కేంద్రాల్లోని జూనియర్ కాలేజీ మైదానాల్లో దొరుకుతుంది. పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే తెల్లవారకముందే ఆ మైదానాలు కుర్రాళ్లతో నిండిపోతాయి. మగ అభ్యర్థులకు 1600 మీటర్ల పరుగు గండం. సర్కారు కొలువుకంటే పెద్ద మోటివేషన్ ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు; షూ లేకపోయినా, కడుపులో టీ తప్ప ఏమీ లేకపోయినా ఆ పిల్లలు పరుగెడతారు. ఈవెంట్స్ ముగిశాయా, ఆ మర్నాటి నుంచి మైదానంలో మళ్లీ పశువులే. ఎంపికైనవాళ్లకు శిక్షణలో ఎలాగూ తప్పదనుకోండి, కానివాళ్లలో మాత్రం తన కోసం తాను పరుగెత్తడానికి వచ్చేవాడు ఎక్కడో ఒకడు. లక్ష్యం ఎంత బలంగా ఉంటే పరుగు అంత వేగంగా సాగుతుంది, లక్ష్యంతోపాటే అంత కచ్చితంగా ముగుస్తుంది. మారథాన్ పతకం విషయంలోనూ జరిగేది ఇదే. మెడలో పతకం పడ్డ రోజే చాలామందికి ఆఖరి పరుగు. అలాగని పోటీలకు పేర్లు ఇవ్వొద్దని కాదు. పోటీ ఒక తేదీ మాత్రమే. ఆ తేదీ తర్వాతి సోమవారం ఏం చేస్తామన్నది పోటీ చెప్పదు.

ఇక మళ్లీ మొదలుపెట్టేవారి ప్రత్యేకమైన కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాడికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. తిరిగి వచ్చేవాడికి ఒకప్పటి తానే ఎదురు నిలబడతాడు. అరగంటలో ఐదు కిలోమీటర్లు కొట్టిన మనిషి ఇప్పుడు మూడో నిమిషానికే ఆయాసంతో నడుం పట్టుకుంటే, ‘ఇక మనవల్ల కాదు’ అనే తీర్పు అక్కడికక్కడే పడిపోతుంది. ఆ తీర్పు ఎంత తప్పో శరీరశాస్త్రం చెబుతుంది. 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం, బాగా సాధనలో ఉన్న ఏడుగురు క్రీడాకారుల చేత 84 రోజులు సాధన మాన్పించి కొలతలు తీసింది. ఒంటికి ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం మొదటి మూడు వారాల్లోనే 7 శాతం పడిపోయింది, ఎనిమిది వారాలకు తగ్గుదల 16 శాతానికి చేరి అక్కడ నిలబడింది. మొదట్లో పోయేది ముఖ్యంగా రక్తంలోని ద్రవభాగం. అది తగ్గడంతో గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం తగ్గుతుంది, ఆయాసం ముందుకొస్తుంది. కండరాల్లో సాధన వల్ల పెరిగిన సన్నని రక్తనాళాలు మాత్రం ఆ మూడు నెలల్లో పెద్దగా చెక్కుచెదరలేదు. తొందరగా పోయిన ఆ రక్తద్రవం తొందరగానే తిరిగి వస్తుంది. కాబట్టి తొలి రెండు వారాల ఆయాసాన్ని బట్టి మన సత్తాను తేల్చేసుకోవడం తొందరపాటు.

మూడు నెలల విరామం సరే, మూడు దశాబ్దాల విరామం మాటేమిటి? దానికీ జవాబుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులు ఐదుగురిని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. ముప్పయ్యేళ్ల తర్వాత, 1996లో, అదే ఐదుగురిని వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. బరువు పెరిగింది, ఒంట్లో కొవ్వు రెట్టింపైంది. అయినా వాళ్ల గుండె, ఊపిరితిత్తుల సత్తువ ముప్పయ్యేళ్ల వయసు వల్ల తగ్గిన దానికంటే, ఇరవయ్యేళ్ల ప్రాయంలో మూడు వారాలు మంచంలో పడుకోవడం వల్ల తగ్గిందే ఎక్కువ. ఆ తర్వాత ఆరు నెలలపాటు నడక, నెమ్మది పరుగు, సైకిలుతో మెల్లమెల్లగా సాధన చేయించారు. తొందరపెట్టలేదు, మోతాదు వారానికి కొద్దికొద్దిగా పెంచారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ యాభయ్యేళ్లవాళ్ల సామర్థ్యం 1966లో మంచం ఎక్కకముందు ఉన్న స్థాయికి చేరుకుంది. కుర్రతనంలో కఠిన సాధన తర్వాత అందుకున్న శిఖరాన్ని మాత్రం ఎవరూ తాకలేకపోయారు. ఐదుగురితో ప్రపంచం గురించి చెప్పలేమనే ఆక్షేపణ సబబే. కానీ అదే మనుషులను మూడు దశాబ్దాల ఎడంతో కొలిచిన పరిశోధనలు ఎన్ని ఉన్నాయని! ‘వయసైపోయింది’ అని మనం అంటున్న దాంట్లో వయసు వాటా ఎంత, కూర్చోవడం వాటా ఎంత అని విడదీసి చూపించిందది.

ఇంత ఆశ చూపించాక, ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. తిరిగి వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. శరీరంలో అన్ని భాగాలూ ఒకే వేగంతో కోలుకోవు. ఊపిరి వారాల్లో కుదుటపడుతుంది. కండరం దాని తర్వాత. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు, ఎముకలకు నెలలు పడుతుంది. అందువల్ల మూడో వారానికో నాలుగో వారానికో ఒక మోసపు దశ వస్తుంది. ఆయాసం తగ్గింది, ఒళ్లు తేలికైంది, పాత వేగం పిలుస్తోంది. సరిగ్గా ఆ రోజునే మనిషి దూరం రెట్టింపు చేస్తాడు. మడమ వెనకో, పిక్క ఎముక ముందో సన్నగా నొప్పి మొదలవుతుంది, పది రోజుల విశ్రాంతి పది నెలలవుతుంది. ‘నాకు పట్టుదల లేదు’ అని తర్వాత ఆ మనిషి చెప్పుకునే కథ అబద్ధం. లేనిది ఓపిక, పట్టుదల పాలు కాస్త ఎక్కువైంది కూడా. దీనికి విరుగుడుగా వారానికి పదిశాతానికి మించి పెంచొద్దనే సూత్రం పరుగు బృందాల్లో చాలాకాలంగా చలామణిలో ఉంది. నెదర్లాండ్స్‌లో ఐదువందల మందికి పైగా కొత్త పరుగరులపై 2008లో వెలువడిన అధ్యయనంలో, ఆ సూత్రం పాటించిన జట్టులోనూ, త్వరగా పెంచిన జట్టులోనూ గాయాలపాలైనవాళ్లు దాదాపు ఐదింట ఒకరే. మంత్రసంఖ్య ఏదీ లేదన్నమాట. పాత గాయం, నిద్ర, బరువు, పరిగెత్తే నేల ఇవన్నీ చూసుకుని ఎవరి మోతాదు వారు నిర్ణయించుకోవాల్సిందే. తొలి రెండు నెలలు ‘ఇంకా చెయ్యగలను’ అనిపించే చోటే ఆగిపోవడం ఒక్కటే అందరికీ పనికొచ్చే జాగ్రత్త.

నెమ్మది గురించి మరికొంత చెప్పక తప్పదు, ఎందుకంటే మానెయ్యడానికి మూలం చాలాసార్లు వేగమే. అమెరికాలో వ్యాయామ మనస్తత్వంపై దీర్ఘకాలం పనిచేసిన పాంటెలీమన్ ఎకెకాకిస్ పదేపదే చూపించిన విషయం ఇది: మాట్లాడుతూ చేయగల స్థాయిలో వ్యాయామం చేస్తున్నంతసేపు చాలామందికి హాయిగానే ఉంటుంది, ఊపిరి ఎగబోసుకునే స్థాయి దాటగానే ఆ హాయి ఇంచుమించు అందరిలోనూ తగ్గిపోతుంది. అయిపోయాక వచ్చే తృప్తి వేరు, చేస్తున్నప్పటి అనుభవం వేరు. మరుసటి రోజు ఉదయం అలారం మోగినప్పుడు మనసు రెండోదాన్నే గుర్తుచేసుకుంటుంది. ప్రతిరోజూ రొప్పుతూ ఇల్లు చేరేవాడికి పరుగంటే శిక్షగానే గుర్తుంటుంది, శిక్ష కోసం ఎవరూ ఐదింటికి లేవరు. పక్కవాడితో పూర్తి వాక్యం చెప్పగలిగినంత వేగమే చాలు. అది పరుగులా కాకుండా నడకకు అన్నయ్యలా కనిపించినా సరే, రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడకగా సాగినా సరే. ‘అంత నెమ్మదిగా పరుగెడితే లాభమేంటి’ అనేవాళ్లకు 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం సమాధానం చెప్పింది. 55 వేలమందిని సగటున పదిహేనేళ్లు గమనించిన ఆ లెక్కలో, పరుగెత్తేవాళ్లలో గుండెజబ్బు మరణాల ముప్పు పరుగెత్తనివాళ్లకంటే 45 శాతం తక్కువ. రోజుకు ఐదు పది నిమిషాలు, అదీ నెమ్మదిగా పరుగెత్తినవాళ్లకు కూడా గణనీయమైన మేలు కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగెడతారు కాబట్టి ఆ తేడాలో కొంత ముందే ఉండి ఉంటుందని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. అయినా నెమ్మది పరుగు దండగ అనే మాటకు ఆధారమైతే లేదు. కేబీఆర్ పార్కు చుట్టూ మనల్ని దాటిపోయే కుర్రాళ్లు మన వేగాన్ని గమనించరు, వాళ్ల చేతి వాచీలు చూసుకోవడంతోనే వాళ్లకు సరిపోతుంది.

ఎన్నాళ్లు సాగిస్తే అలవాటవుతుంది? ఇరవై ఒక్క రోజులని ఊరూరా ఉపన్యాసాల్లో చెబుతారు. దాని మూలం 1960లో ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసిన పుస్తకం. ముఖం మారిన రోగులు కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని ఆయన గమనించారు, పరుగుకూ దానికీ సంబంధం లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని అనుసరించి చూస్తే, ఒక కొత్త పని తనంతట తానుగా జరిగే స్థితికి రావడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 66 రోజులు; ఒక్కొక్కరిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా ఆ పరిశోధనే చెప్పింది. మనవాళ్లు తరచూ ఓడిపోయేది ఆ ఒక్క రోజు దగ్గరే. పెళ్లికి ఊరెళ్లి ఒక రోజు తప్పితే, ‘ఇక ఎలాగూ పోయింది, వచ్చే నెల నుంచి చూద్దాం’ అంటారు.

రెండు నెలల పైచిలుకు పడుతుందని తెలిశాక క్యాలెండర్ చూసుకోవడం తెలివైన పని. జనవరి ఒకటిన మొదలుపెట్టే సంకల్పం చలిదేశాలకు ఎలా ఉంటుందో గానీ, మనకు బొత్తిగా నప్పదు. రెండు వారాలు తిరక్కముందే సంక్రాంతి, ఊరి ప్రయాణం, అరిసెలు. సర్దుకుని మళ్లీ మొదలుపెట్టి కాస్త కుదురుకునేలోపు మార్చి. రామగుండం, రెంటచింతల వైపు ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. విశాఖ బీచ్ రోడ్డులో ఉష్ణోగ్రత తక్కువే అయినా ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేడిలో రక్తం కొంత చర్మానికి మళ్లుతుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఏప్రిల్‌లో వేగం తగ్గిందంటే సత్తువ తగ్గిందని కాదు, ఎండ పెరిగిందని. మనకు అసలైన కొత్త సంవత్సరం కార్తీకంలో మొదలవ్వాలి. తెల్లవారుజామున లేచే ఆనవాయితీ చాలా ఇళ్లలో ఆ నెలలో ఎలాగూ ఉంది, వాన వెనకబడుతుంది, నాలుగు నెలల చల్లని ఉదయాలు ముందుంటాయి. ఎండాకాలంలో వారానికి మూడు రోజులను రెండుకు, అరగంటను పావుగంటకు తగ్గించుకోవడం ఓటమి కిందికి రాదు. పూర్తిగా ఆపకపోవడమే అక్కడ గెలుపు.

తోడు సంగతికొస్తే, ప్రపంచమంతా పాకిన పార్క్‌రన్ కథ బాగుంటుంది. 2004 అక్టోబరు 2న లండన్ శివారు బుషీ పార్కులో 13 మంది ఐదు కిలోమీటర్లు పరుగెత్తారు. దాన్ని మొదలుపెట్టిన పాల్ సింటన్-హెవిట్ ఆ రోజు పరుగెత్తలేదు. గాయంతో సాధనకు దూరమై, పరుగు మిత్రులతో సంబంధం తెగిపోకూడదని ఆ ఏర్పాటు చేశాడు. ప్రతి శనివారం ఉదయం, అదే చోటు, అదే వేళ, రుసుము లేదు. అందరి వెనక నడవడానికి ఒక వాలంటీరు ఉంటాడు, అందుచేత వచ్చినవాళ్లెవరూ ఆఖరివాళ్లు కారు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ పరుగు బృందాలు చక్కగా పనిచేస్తున్నాయి. వాటిలో చేరేవాళ్లు తమకంటే కొంచెం నెమ్మదిగా పరుగెత్తేవాళ్ల జట్టు చూసుకుంటే మంచిది. వేగం ఎక్కువున్న జట్టులో ఉత్సాహం వారం, నొప్పులు నెల.

ఈ ఏర్పాట్ల గోలంతా ఎందుకు, క్రమశిక్షణ ఉన్నవాడికి ఇవేమీ అక్కర్లేదనే వాదన ఉంది. అలాంటివాళ్లు ఉన్నారు. వాళ్లను దగ్గరగా చూస్తే మాత్రం, వాళ్ల రోజులో పరుగుకు ఏళ్ల తరబడి ఒక స్థిరమైన చోటు ఉంటుంది. వాళ్లు రోజూ ఉదయం తమతో తాము పోట్లాడటం మానేసి చాలాకాలమై ఉంటుంది. మోకాళ్లు అరిగిపోతాయనే భయం దానికంటే పెద్దది, మన ఇళ్లలో మరీను. 2017లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన పరిశీలనలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల పోటీస్థాయి పరుగరుల్లో 13 శాతం పైన, కదలక కూర్చునేవాళ్లలో 10 శాతం, సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం. అప్పటికే కీళ్లు దెబ్బతిన్నవారికి, బరువు బాగా ఎక్కువున్నవారికి ఈ అంకె అభయం కాదు. వాళ్లు నడకతో మొదలుపెట్టి వైద్యుణ్ని అడిగి ముందుకెళ్లాలి. గుండె గురించిన భయం ఇటీవల మరీ పెరిగింది. పరుగు పుస్తకంతో అమెరికాను ఊపేసిన జిమ్ ఫిక్స్ 1984లో 52 ఏళ్లకే పరుగెడుతూ కుప్పకూలడాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. ఆయన తండ్రి 43 ఏళ్లకే గుండెజబ్బుతో పోయిన సంగతి, 35 ఏళ్లదాకా ఆయన లావుగా ఉండి సిగరెట్లు తాగిన సంగతి చెప్పరు. 2000 నుంచి 2010 దాకా అమెరికా మారథాన్‌లు, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షల మందిలో గుండె ఆగిపోయిన ఘటనలు 59. నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నవయసు గుండెపోటు చరిత్ర ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకున్నాకే షూ కట్టాలి. పరుగులో ఛాతీ బిగిస్తే, కళ్లు తిరిగితే అక్కడే ఆగాలి. మరి నడక చాలదా అంటే, చాలు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక గానీ 75 నిమిషాల పరుగు గానీ కనీసం ఉండాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నడక ఇష్టమైనవాళ్లు నడవచ్చు. ఈ కథనం పరుగు రుచి ఒకసారి చూసి, అది పోయిందని బెంగపడేవాళ్ల కోసం.

ఏర్పాటే అసలు సంగతి అని ఒప్పుకుంటే, దాన్ని వ్యక్తి నెత్తిన మాత్రమే రుద్దడం కుదరదు. మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ పత్రిక లెక్కగట్టింది. ఆడవాళ్లలో ఆ వాటా మగవాళ్లకంటే ఎక్కువ. వాళ్లకు మోటివేషన్ తక్కువా? చీకటి రోడ్లు, వెంటపడే కుక్కలు, వెకిలి చూపులు, తాళం వేసిన స్కూలు మైదానాలు, ఉదయం ఐదు నుంచి ఎనిమిది దాకా వంటింట్లో గడిచే గంటలు. వీటికి ఏ రీలూ జవాబివ్వదు. మున్సిపాలిటీలు ఏడాదికోసారి జెండా ఊపే పరుగుల మీద పెట్టే శ్రద్ధలో కొంత, ప్రభుత్వ స్కూలు మైదానాల గేట్లు ఉదయం ఐదింటికే తెరిచి రెండు దీపాలు వెలిగించడం మీద పెడితే చాలామంది కాళ్లు కదులుతాయి. ఇంటి విషయానికొస్తే, ఇల్లాలు వారానికి మూడు ఉదయాలు పరుగుకు వెళ్లాలంటే ఆ మూడు రోజులూ పిల్లల క్యారేజీలు ఇంట్లో ఇంకెవరైనా సర్దాలి.